పాత రికార్డుల పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించే చవక పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీద ఎల్‌పీలో ఈపీలో ఉండి, వాటిని డిజిటల్‌గా మార్చుకోవాలనుకుంటూ, షాపులో అడిగితే చెప్పిన రేటుకు వెనక్కి తగ్గినవాళ్ళ కోసం ఈ పేజీ. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చి, మల్టీమీటర్ వాడటం తెలిస్తే చాలు. ఈ డిజైన్ వెనక ఆలోచన ఒక్కటే: పెట్టె మీద వీలైనంత తక్కువ ఖర్చు పెట్టి, మిగిలిన డబ్బంతా ముల్లు మీద పెట్టాలి. పెట్టె చేయాల్సిన పనిలో సగం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఊరికే చేసిపెడుతోంది. ముల్లు చేసే పని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

ఇంతకీ ఈ పెట్టెలో ఏముంటుంది?

రెండే భాగాలు. మొదటిది, కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్‌ను సుమారు 32 రెట్లు పెంచే ఆంప్లిఫయర్, అంటే ఫోనో ప్రీఆంప్. రెండోది, ఆ సిగ్నల్‌ను అంకెలుగా మార్చి యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపే ఏడీసీ. ఈ రెండోది తయారుగా దొరికేదే కొనుక్కోవచ్చు. చేత్తో కట్టాల్సింది మొదటి భాగమే.

టర్న్‌టేబుల్ వైరును నేరుగా లాప్‌టాప్ మైక్ సాకెట్‌లో పెడితే రాదా?

ఏదో ఒక శబ్దమైతే వస్తుంది. కానీ మంచి టర్న్‌టేబుళ్ళకు ఉండే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అది 47 కిలోఓమ్‌ల లోడు కోరుకుంటుంది, మైక్ సాకెట్ లోడు అంతకంటే చాలా తక్కువ. దాంతో ట్రెబుల్, అంటే సన్నటి పై స్వరాలు, పోతుంది. చాలా లాప్‌టాప్‌లలో మైక్ ఇన్‌పుట్ మోనో. పైగా మాట వినిపించడం కోసం లెవెల్‌ను తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పాట మెల్లగా సాగే చోట రికార్డు గరగర ఒక్కసారిగా పైకి లేస్తుంది. రెండు మూడు వందలకు దొరికే యూఎస్‌బీ డాంగిల్స్‌దీ ఎక్కువగా ఇదే కథ.

సూట్‌కేసులా ఉండే యూఎస్‌బీ ప్లేయర్లు దొరుకుతున్నాయి కదా, అవి కొంటే పోలేదా?

పాట వినడానికి ఫర్వాలేదు. దాచుకోవడానికి మాత్రం వద్దంటాను. వాటిలో ఎక్కువ భాగం సెరామిక్ కార్ట్రిడ్జ్‌తో వస్తాయి. ముల్లు రికార్డు మీద మోపే బరువు చాలా ఎక్కువ, దాన్ని తగ్గించే వీలుండదు. మంచి టర్న్‌టేబుల్ మీద మూవింగ్ మాగ్నెట్ ముల్లు బరువు 2 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కాపీని బరువైన ముల్లు కింద పెట్టాలంటే నాకు మనసొప్పదు.

ఇదే సందర్భంలో పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా రికార్డ్ ప్లేయర్ గురించి కూడా అడుగుతుంటారు. దానిదీ అదే తరహా కార్ట్రిడ్జ్, వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. ఈ పెట్టెకు దాన్ని తగిలించకండి, సిగ్నల్ చితికిపోతుంది. ఫియెస్టాను జ్ఞాపకంగా ఉంచుకుని, డిజిటైజ్ చేయడానికి మామూలు టర్న్‌టేబుల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి.

ఫోనో ప్రీఆంప్ అంటే ఆర్‌ఐఏఏ ఉండాలి కదా. మీ పెట్టెలో ఎందుకు లేదు?

ఎక్కువమంది అడిగేది ఇదే. కాస్త వివరంగా చెప్తాను.

రికార్డు కోసేటప్పుడు బేస్‌ను తగ్గిస్తారు, ట్రెబుల్‌ను పెంచుతారు. బేస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిని తాకుతుంది, ఒక పక్కన పట్టే పాటలూ తగ్గిపోతాయి. ట్రెబుల్‌ను పెంచి కోస్తే, వినేటప్పుడు తిరిగి తగ్గిస్తాం కాబట్టి దానితోపాటు బుసబుస శబ్దమూ తగ్గుతుంది. వినేటప్పుడు చేసే ఈ సవరణకు 1954 ప్రాంతంలో కంపెనీలన్నీ ఒప్పుకున్న లెక్కే ఆర్‌ఐఏఏ. 1 కిలోహెర్ట్జ్‌ను సున్నాగా తీసుకుంటే, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. వంపు తిరిగే చోట్లు 50, 500, 2122 హెర్ట్జ్.

దీన్ని సర్క్యూట్‌లో చేయాలంటే ఖచ్చితమైన కెపాసిటర్లు కావాలి. బజారులో దొరికే 10 శాతం తేడా ఉన్న కెపాసిటర్లు వేస్తే కుడి చానెల్ ఒకలా, ఎడమ చానెల్ ఇంకోలా పలుకుతాయి. అదే సవరణ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే రెండు చానెళ్ళకూ తేడా అన్నదే ఉండదు. ఊరికే దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో, ఫిల్టర్ కర్వ్ ఈక్యూలో ఆర్‌ఐఏఏ తయారుగానే ఉంది.

ఇంకో లాభం క్లిక్‌లది. సవరణ చేయని సిగ్నల్‌లో గీత పడిన చోటు నిటారుగా, పదునుగా కనిపిస్తుంది. ఆర్‌ఐఏఏ దాటి వచ్చాక అదే క్లిక్ సాగి, మొద్దుబారి, పాటలో కలిసిపోతుంది. ముందు క్లిక్‌లు తీసేసి, తరువాత సవరణ చేస్తే పాట తక్కువ దెబ్బతింటుంది. మూడో లాభం 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల) విషయంలో ఉంది, కింద చెప్తాను.

నష్టమూ ఉంది. రికార్డ్ చేస్తూ స్పీకర్లో వింటే పాట పీలగా, కీచుమంటూ వస్తుంది. మొదటిసారి విన్న ప్రతివాళ్ళూ పెట్టె చెడిపోయిందని టెన్షన్ పడతారు. అది చెడిపోలేదు, అలాగే ఉండాలి.

సర్క్యూట్ చెప్పండి.

చిప్పు ఎన్ఈ5532. ఒక్క చిప్పులోనే రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి కాబట్టి స్టీరియోకు ఒకటి చాలు. ఎనిమిది కాళ్ళ సాకెట్ వేసి అందులో గుచ్చండి, చిప్పును నేరుగా అతికించొద్దు. ఒక్కో చానెల్‌కు ఇలా:

ఆర్‌సీఏ సాకెట్ నుంచి 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ దాటి ప్లస్ ఇన్‌పుట్‌కు రావాలి. అక్కడి నుంచి గ్రౌండ్‌కు 47 కిలోఓమ్. అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 6.8 కిలోఓమ్, మైనస్ ఇన్‌పుట్ నుంచి 220 ఓమ్, దాని తరువాత 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ మీదుగా గ్రౌండ్‌కు. అవుట్‌పుట్‌లో 470 ఓమ్ రెసిస్టర్ ఒకటి, దాని తరువాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. అంతే. 6800ను 220తో భాగించి ఒకటి కలిపితే 31.9, అదే గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు. 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే వాడండి, ధరలో తేడా పైసల్లోనే.

32 రెట్లే ఎందుకంటే, ముల్లు మామూలుగా ఇచ్చేది 5 మిల్లీవోల్టులే అయినా, సవరణ లేని సిగ్నల్‌లో ట్రెబుల్ శిఖరాలూ క్లిక్‌లూ దానికి ఎన్నో రెట్లు లేస్తాయి. 5 మిల్లీవోల్టులు 160 అవుతాయి. సుమారు 1 వోల్టు దాకా పట్టే ఏడీసీకి ఇది 16 డెసిబెల్స్ కింద ఉంటుంది. ఆ ఖాళీ జాగా శిఖరాల కోసమే. గెయిన్ ఇంకా పెంచుదామని అనిపిస్తుంది, పెంచొద్దు.

కరెంటుకు రెండు 9 వోల్టుల బ్యాటరీలు. ఒకటి ప్లస్ వైపు, ఒకటి మైనస్ వైపు, మధ్య కలిసే చోటు గ్రౌండ్. యూఎస్‌బీలో వచ్చే 5 వోల్టులు ఈ చిప్పుకు చాలవు. చిప్పు మామూలుగా తాగేది సుమారు 8 మిల్లీఆంపియర్లు, కాబట్టి ఆల్కలైన్ జత మీద యాభై గంటలు తేలిగ్గా నడుస్తుంది. రెండు బ్యాటరీలనూ ఒకేసారి ఆపే డబుల్ పోల్ స్విచ్ పెట్టండి. ఒకటే ఆగి రెండోది నడుస్తూ ఉండకూడదు.

కట్టాక సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి 200 హెర్ట్జ్ పెట్టండి. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 10 కిలోఓమ్, 100 ఓమ్ వరుసగా కట్టి, 100 ఓమ్ మీద ఉన్న సిగ్నల్‌ను పెట్టెకు ఇవ్వండి. ఫోన్ వాల్యూమ్‌ను అర వోల్టు దగ్గరకు తెస్తే పెట్టెలోకి వెళ్ళేది దాదాపు 5 మిల్లీవోల్టులు. అవుట్‌పుట్‌లో 160 మిల్లీవోల్టుల చుట్టుపక్కల కనిపించాలి, రెండు చానెళ్ళూ ఒకేలా ఉండాలి. 1 కిలోహెర్ట్జ్ కాకుండా 200 ఎందుకంటే చవక మల్టీమీటర్లు పై ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చూపిస్తాయి. ఈ పెట్టె అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా పెంచుతుంది కాబట్టి ఎక్కడ కొలిచినా ఒకటే.

ఏడీసీగా ఏది తీసుకోవాలి?

మొదటిసారి చేస్తున్నవాళ్ళు స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొనుక్కోవడమే మేలు. పీసీఎం2902 లాంటి చిప్పులతో వచ్చేవి 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఇస్తాయి. లెవెల్ జాగ్రత్తగా పెట్టుకుంటే వినైల్‌కు (ఎల్‌పీలూ ఈపీలూ చేసే ప్లాస్టిక్) అది సరిపోతుంది, ఎందుకంటే రికార్డు సొంత గరగరే దాని కంటే చాలా పైన ఉంటుంది. 24 బిట్ దొరికితే లెవెల్ గురించి అంతగా ఆలోచించే పని లేదు.

చేత్తో చేయాలన్న సరదా ఉంటే పీసీఎం1808 మాడ్యూల్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలపొచ్చు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వస్తుంది. చిక్కు ఒక్కటే, ఆ చిప్పుకు మాస్టర్ క్లాక్ కావాలి, రాస్ప్‌బెర్రీ బోర్డు దాన్ని ఇవ్వదు. 24.576 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ పెట్టి చిప్పును మాస్టర్ మోడ్‌లో నడపాలి. 96 కిలోహెర్ట్జ్‌కు 256 రెట్లు సరిగ్గా అంతే. లైనక్స్ సెట్టింగులతో కొన్ని సాయంత్రాలు గడపడానికి సిద్ధపడండి.

మొత్తం ఖర్చు ఎంత?

ఏడీసీ వదిలేస్తే పెట్టె ఖర్చు వందల్లోనే తేలిపోతుంది. చిప్పు, రెసిస్టర్లు, సాకెట్లు అన్నీ హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క చక్కరుతో దొరుకుతాయి. ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఆన్‌లైన్ ఉంది, కాకపోతే ఇరవై రూపాయల వస్తువుకు అరవై రూపాయల కొరియర్ పడుతుంది, అన్నీ ఒకేసారి తెప్పించుకోండి. డబ్బాగా ఇనుముదో అల్యూమినియందో వాడండి. ప్లాస్టిక్ డబ్బా వాడితే తరువాతి ప్రశ్న మీరే అడుగుతారు.

"హుమ్" అంటూ ఒకటే మోత వస్తోంది. ఏం చేయాలి?

అది ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ మోత. ముందు టర్న్‌టేబుల్ వెనక వేలాడే సన్నటి గ్రౌండ్ వైరు పెట్టె లోహానికి బిగించారో లేదో చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తరువాత లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. మోత పోతే తప్పు చార్జర్ దారిలో ఉంది, రికార్డింగ్ జరిగినంతసేపు అలాగే బ్యాటరీ మీదే ఉండండి. పెట్టెను టర్న్‌టేబుల్ మోటారుకు, దాని అడాప్టర్‌కు దూరంగా జరపండి. టర్న్‌టేబుల్ నుంచి పెట్టెకు వచ్చే వైరు మీటరు దాటకూడదు. వైరు పొడవు పెరిగితే కెపాసిటెన్స్ పెరిగి ట్రెబుల్ రూపం కూడా మారుతుంది.

మా ఇంట్లో తాతగారి 78 రికార్డులున్నాయి, పద్యాలూ హరికథలూ. వాటిని ఇందులో ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చు. ఈ పెట్టెను ఆర్‌ఐఏఏ లేకుండా కట్టమనడానికి అసలు కారణం అవే.

78లు వినైల్ కావు, షెల్లాక్. లక్కతో చేసినవి. ఆ లక్కలో పెద్ద వాటా మన దేశం నుంచే ప్రపంచానికి వెళ్ళేది. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టి, 1928లో డమ్‌డమ్‌కు మార్చింది. మిగతా దేశాలు 78లను వదిలేసిన తరువాత కూడా ఇక్కడ చాలాకాలం అచ్చవుతూనే ఉన్నాయి. 1960లలో వచ్చిన బీటిల్స్ పాటలు కూడా ఇండియాలో 78ల మీద వచ్చాయి. ఇప్పుడు వాటి కోసం విదేశీ కలెక్టర్లు వెతుక్కుంటుంటారు.

మొదటి జాగ్రత్త ముల్లుది. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్ల గుండ్రం, 78 గాడికి కావాల్సింది 65 నుంచి 75 మైక్రాన్లు. ఎల్‌పీ ముల్లు పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, పాట కంటే గరగరే ఎక్కువ వినిపిస్తుంది. చాలా కార్ట్రిడ్జ్‌లకు 78 ముల్లు విడిగా దొరుకుతుంది. బరువు 3 నుంచి 5 గ్రాములు. ఇనప ముళ్ళతో తాతగారి కాలంలో అరిగిపోయిన రికార్డులైతే కాస్త సన్నపు ముల్లో లావు ముల్లో పెట్టి చూడండి. గాడి గోడ మీద అరగని చోటు తగిలితే గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది.

రెండోది వేగం. టర్న్‌టేబుల్‌కు 78 లేకపోయినా 45 మీద వాయించి, సాఫ్ట్‌వేర్‌లో సుమారు 1.73 రెట్లు పెంచొచ్చు. ఆర్‌ఐఏఏ ఉన్న ప్రీఆంప్‌తో ఇలా చేస్తే వంపు తప్పు చోట పడుతుంది. మన పెట్టెలో వంపే లేదు కాబట్టి ముందు వేగం సరిచేసి, తరువాత ఆ కాలపు సవరణ వేసుకోవచ్చు. పాత హెచ్‌ఎంవీ 78లకు 250 హెర్ట్జ్ దగ్గర బేస్ మలుపు, ట్రెబుల్ తగ్గింపు లేకుండా మొదలుపెట్టండి. ఆ పైన చెవి చెప్పినట్టు వినండి. 33 మీద కూడా చేయొచ్చు గానీ వద్దు. మోటారు గుర్రుమనే శబ్దమంతా వేగం పెంచాక వినిపించే చోటికి వచ్చి కూర్చుంటుంది.

మూడోది, మోనో రికార్డే అయినా స్టీరియోలో రికార్డ్ చేయండి. తరువాత రెండు చానెళ్ళూ కలిపితే ముల్లు పైకీ కిందికీ ఎగరడం వల్ల పుట్టిన శబ్దం రద్దవుతుంది. ఒక గోడ బాగా చెడితే రెండో గోడ ఒక్కదాన్నే ఉంచుకోవచ్చు.

టర్న్‌టేబుల్ సరైన వేగంతో తిరుగుతోందా లేదా అన్నది ఎలా చూడాలి?

స్ట్రోబ్ డిస్క్‌తో, అంటే గీతల వలయాలున్న చక్రాన్ని టర్న్‌టేబుల్ మీద పెట్టి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఆ వెలుగులో 180 గీతల వలయం కదలకుండా నిలబడితే అది 33⅓. 45కు 133 గీతలు, 78కి 77. గీతలు ముందుకు పోతుంటే వేగం ఎక్కువ, వెనక్కి పోతుంటే తక్కువ. కాగితం మీద మీరే అచ్చు వేసుకోవచ్చు. కాకపోతే అమెరికా సైట్ల నుంచి దింపుకున్న డిస్క్ 60 హెర్ట్జ్‌ది అయి ఉంటుంది, దానిలో 33⅓ వలయానికి 216 గీతలుంటాయి. ఇక్కడ పనికిరాదు.

ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు మినుకుమనవు. అందుకే ఓ చిన్న మైక్రోకంట్రోలర్‌తో ఎల్‌ఈడీని సెకనుకు 100 సార్లు క్షణకాలం వెలిగిస్తే సరిపోతుంది. క్రిస్టల్ ఉన్న బోర్డు ఏదైనా సరే. మెయిన్స్ కంటే అదే నికరం.

అమెరికా నుంచి అన్నయ్య టర్న్‌టేబుల్ తెచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చా?

అడాప్టర్ మీద నడిచే డీసీ మోటారు అయితే మన వోల్టేజీకి తగిన అడాప్టర్ పెట్టుకుంటే చాలు. ఏసీ సింక్రోనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగేది) అయితే చిక్కే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని 110కి దించుతుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. రికార్డు 33⅓ బదులు 27.8 వేగంతో తిరుగుతుంది. కొన్ని మోడళ్ళకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, అది మారిస్తే సరి. ఏ మోటారో తెలియాలంటే మోడల్ నంబరు చూసి వెతకండి.

రికార్డును ఎలా కడగాలి?

వినైల్‌కు డిస్టిల్డ్ వాటర్, అందులో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక్క చుక్క వాసన లేని డిష్‌వాష్. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. బోరు నీళ్ళు వద్దు, ఆరాక ఉప్పు గాడిలోనే ఉండిపోతుంది.

78లకు ఆల్కహాల్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. షెల్లాక్ ఆల్కహాల్‌లో కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో త్వరగా కడిగి వెంటనే తుడిచేయండి.

ఏ సెట్టింగుల్లో రికార్డ్ చేయాలి? ఫైళ్ళు ఎంత పెద్దవి అవుతాయి?

ఏడీసీకి చేతనైతే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఆడియో ఆర్కైవ్‌లు పాటించేదీ ఇదే. దీనికి నిమిషానికి దాదాపు 35 ఎంబీ పడుతుంది, నలభై నిమిషాల ఎల్‌పీ సుమారు 1.4 జీబీ. ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచుకుంటే ఇంచుమించు సగమవుతుంది, శబ్దంలో ఏమీ పోదు. లెవెల్‌ను అతి గట్టిగా పలికే చోట మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. ఎంపీ3 ఫోన్‌లోకీ, అమ్మమ్మ వాట్సాప్‌కీ.

క్లిక్‌లు, గరగర ఎంతవరకు తీసేయాలి?

ముందు ముట్టుకోని అసలు ఫైలును వేరేగా దాచండి. ఆ తరువాత కాపీ మీద ఆడాసిటీ క్లిక్ రిమూవల్ వాడండి. పెద్ద గీతలను ఒక్కొక్కటిగా జూమ్ చేసి చేత్తో సరిచేయడమే మంచిది. నాయిస్ రిడక్షన్ విషయంలో నేను పిసినారిని. ఎక్కువ వేస్తే పద్యం చివర రాగాలాపన నీళ్ళలోంచి వినిపించినట్టు అయిపోతుంది. కాస్త గరగర ఉన్నా గొంతు గొంతులా ఉండటమే నాకిష్టం.

ముల్లు పెట్టకుండా రికార్డును స్కాన్ చేసి పాట రప్పించొచ్చని విన్నాను. నిజమేనా?

నిజమే, ఇంట్లో మాత్రం కాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కార్ల్ హేబర్ బృందం ఐరీన్ అనే పద్ధతి తయారుచేసింది. గాడిని ఫోటోలు తీసి, వాటి నుంచి శబ్దాన్ని లెక్కగడతారు. 1860లో పొగమసి కాగితం మీద గీసిన స్వరాన్ని 2008లో వినిపించింది ఆ ల్యాబ్‌వాళ్ళే. ఇంటి స్కానర్ 2400 డీపీఐ అయినా ఒక్కో చుక్క 10 మైక్రాన్లకు పైనే. ఎల్‌పీ గాడి వెడల్పే ఓ యాభై మైక్రాన్లు, మెల్లటి పాట దగ్గర దాని ఊపు మైక్రాన్ కూడా ఉండదు. విరిగిపోయిన 78 ముక్కలుంటే అతికించే ప్రయత్నం చేయకుండా, ముక్కలన్నీ కాగితంలో చుట్టి విడిగా దాచండి.

రికార్డ్ చేసినవి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

సొంతానికి వినడానికి కాపీ చేసుకోవడం ఒక సంగతి, లోకానికి వదలడం ఇంకో సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. అది తీరినా, పాట రాసినవారి హక్కూ బాణీ కట్టినవారి హక్కూ వేరు. అవి వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు నడుస్తాయి. పాత పురాణ పద్యాల 78కీ, సినిమా పాట ఈపీకీ లెక్క ఒకటి కాదు. పెట్టే ముందు లేబుల్ మీద పేర్లూ, వీలైతే విడుదలైన ఏడాదీ చూసుకోండి.

ఫైళ్ళకు పేర్లు ఎలా పెట్టాలి?

కంపెనీ, కేటలాగు నంబరు, ఏ పక్కో, ఈ మూడూ పేరులో ఉంటే చాలు. లేబుల్ రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. గాడి అయిపోయాక లేబుల్‌కు ముందు నున్నటి చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు ఉంటుంది, టార్చిని పక్క నుంచి వేస్తే కనిపిస్తుంది, అదీ రాసుకోండి. ఏ ముల్లు, ఏ వేగం, ఏ సవరణ వాడారో ఒక టెక్స్ట్ ఫైల్లో రెండు లైన్లు రాయండి. కాపీలు రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచండి, అందులో ఒకటి చెల్లెలి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో.